ఆ చెయ్యి కాదే

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఆకలి ఆకలి అంటూ వచ్చి కంచం ముందు కూర్చుంది. దోసకాయ పప్పు, వేడి అన్నం, నెయ్యి. నేను వంటింట్లోంచి అప్పడాల డబ్బా తెస్తూ చూద్దును కదా, ఎడమచేత్తో అన్నం కలిపేస్తోంది. పెన్సిలు పట్టిన రోజు నుంచీ దానిది ఆ వాటమే, నాలాగే. నాకు తెలియని సంగతేం కాదు. అయినా నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"ఆ చెయ్యి కాదే."

ఆ మాట నాది కాదు. ఆ సాగదీత, చివర ఆ విరుపు, అన్నీ మా నాయనమ్మవి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత ఆగకుండా నవ్వొచ్చింది.

"తిడుతున్నావా, నవ్వుతున్నావా అమ్మా? ఏదో ఒకటి తేల్చు" అంది మా అమ్మాయి, ముద్ద నోటి దగ్గరే ఆపి.

"తిను తిను. అదే చేత్తో తిను" అన్నాను. దాని పక్కన కూర్చుని, అప్పడం విరిచి కంచంలో పెట్టి, కథ మొదలుపెట్టాను. దానికి చెప్పింది కొంత. మిగతాది ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు అద్దంకి రోడ్డుకి రెండు మైళ్ళు లోపల. నల్లరేగడి నేల. వాన పడితే కాలు వస్తుంది కానీ చెప్పు రాదు. ఎండలు ముదిరితే నెర్రెల్లో పడ్డ గోళీకాయ ఇక దొరకదు. పత్తి పగిలే రోజుల్లో ఊరు తెల్లగా ఉండేది, మిరపకాయలు కోసే రోజుల్లో ఎర్రగా ఉండేది. మాఘమాసం దాటిందంటే గాలి నిండా ఘాటు. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టం ఎవరింట్లో దిగాడో తుమ్ములు విని చెప్పేవాళ్ళం. మాకు మాత్రం ఆ ఘాటు లేకపోతే గాలి పీల్చినట్టే ఉండేది కాదు.

మా నాయనమ్మ కూడా మిరపకాయ లాంటి మనిషే. బక్కగా, పొట్టిగా ఉండేది, నోరు విప్పితే మాత్రం వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఆవిడ లోకంలో ప్రతిదానికీ ఒక వైపు ఉంది. గడపలో కుడికాలు. పప్పు గిన్నెలో కుడిచేతి గరిటె. ఎవరికేమిచ్చినా కుడిచెయ్యి, పుచ్చుకున్నా కుడిచెయ్యి. ఎడమచేతికి ఆవిడ కేటాయించిన పని ఒక్కటే, దాని గురించి అన్నాల దగ్గర మాట్లాడకూడదు.

అలాంటి ఇంట్లో నేను పుర్రచేతిదాన్నై పుట్టాను. బంతి విసిరితే ఎడమచెయ్యి, జామకాయ కోస్తే ఎడమచెయ్యి. ఒకసారి పసుపు అడిగి వచ్చిన పక్కింటావిడకి ఎడమచేత్తో డబ్బా అందించాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. నాయనమ్మ డబ్బా నా చేతిలోంచి లాక్కుని తనే ఇచ్చి, "పిల్లముండకి ఇంకా చేతులు తెలవ్వమ్మా, మనసులో పెట్టుకోమాక" అని బతిమాలి పంపింది. ఆ రోజు నుంచీ నా మీద కట్టుబడి మొదలైంది.

కట్టుబడి అంటే నిజంగానే కట్టడం. అన్నానికి కూర్చునే ముందు నా ఎడమచేతిని వీపు వెనక్కి తిప్పి, తన పాత చీరాల చీర అంచు చించిన పేలికతో లంగా బొందుకి కట్టేసేది. ఎర్రంచు, మధ్యలో పసుపు గీత. ఆ పేలిక ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. కట్టి, నాకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన కుడిచేత్తో అన్నం కలిపి చూపించేది.

"ఇట్టా కలుపు. నాలుగేళ్ళతో ఇట్టా తియ్యి. బొటనేలితో ఇట్టా నెట్టు. ఏందే, చూస్తన్నావా?"

చూసేదాన్ని. ఎదురుగా కూర్చున్న మనిషి కుడిచెయ్యి నాకు ఎడమవైపునే కదా ఆడుతుంది. దాన్ని చూసి వీపు వెనక నా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే ముద్ద చుట్టేవి. కుడిచెయ్యి మాత్రం కంచం అంచున మొద్దులా ఉండేది. "అన్నం లక్ష్మే. ఎడంచెయ్యి తగిలితే లేచి పోద్ది" అనేది నాయనమ్మ. నా అన్నం లేచిపోలేదు కానీ సగం నా ఒళ్ళో పడేది.

అయితే నేనూ ఆవిడ మనవరాలినే. కొన్నాళ్ళకి నా ఎడమచెయ్యి వెనక్కి కట్టి ఉండగానే ముడి విప్పుకోవడం నేర్చుకుంది. నాయనమ్మ మజ్జిగ కోసం లేచిందంటే చాలు, చెయ్యి బయటికొచ్చి నాలుగు ముద్దలు గబగబా నోట్లో పెట్టి, మళ్ళీ వెనక్కి వెళ్ళి పేలిక పట్టుకుని బుద్ధిగా కూర్చునేది. పదిరోజులు బ్రహ్మాండంగా సాగింది. పదకొండో రోజు ఆవిడకి అనుమానం వచ్చి నా ఎడమచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ పూట పండుమిరప పచ్చడి. నూనెలో వెల్లుల్లి తాలింపు వేసిన ఆ పచ్చడి వాసన గోళ్ళలో దూరితే సబ్బుకి కూడా వదలదు.

"ఆ చెయ్యి కాదే" అంది, దొంగని పట్టుకున్న సంతోషంతో. ఆ తర్వాత రెండు ముళ్ళు వేసేది.

రోజుకి ఎన్నిసార్లు అనేదో ఆ మాట. లేస్తే, కూర్చుంటే, ముగ్గు గిన్నె ముట్టుకుంటే, దేవుడి దగ్గర పువ్వు పెడితే. వంటింట్లో ఉండి, వసారాలో నేనేం చేస్తున్నానో చూడకుండానే అనేది. తొంభై పాళ్ళు నిజమయ్యేది కూడా.

ఇంట్లో నా తరఫు మనిషి తాతయ్య ఒక్కడే. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చినా మిరప సాళ్ళ మధ్య కలుపు పోయేలా గుంటక తోలడానికి ఒక జత ఎడ్లు ఉంచుకున్నాడు. కాడికి ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు, కుడివైపు కట్టేది ఎలపటి ఎద్దు. ఏ పక్కకి అలవాటు పడ్డది ఆ పక్కనే నడుస్తుంది. ఒకసారి మా నాన్న తొందరలో వాటిని అటుదిటూ ఇటుదటూ కట్టాడు. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నాలుగు సాళ్ళ మిరప మొక్కల్ని తొక్కి పారేశాయి. తాతయ్య ఆ కథ చెప్పి నాయనమ్మని దెప్పేవాడు.

"దాపటి ఎద్దుని ఎలపట కట్టకూడదని ఊళ్ళో పసిపిల్లోడికి కూడా తెలుసు. ఎద్దుకున్న న్యాయం పిల్లకి లేదంటే ఎట్టా?"

"ఎద్దు కంచంలో తినదు" అనేది నాయనమ్మ.

తాతయ్య తువ్వాలు దులుపుకుని కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. పోతూ పోతూ నా కట్టిన చేతిలో ఒక వేరుశనగ ఉండ పెట్టి పోయేవాడు.

ఇక నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది కల్లంలో జరిగిన సంగతి. పొలం గట్టున నేల చదును చేసి మిరపకాయలు ఎండబోస్తే, ఆ చోటుని కల్లం అంటాం. కాయలు గలగలలాడేదాకా ఎండాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరతారు. రంగు దిగి తెల్లబోయిన కాయలు తాలు, వాటికి ఎడమవైపు బుట్ట. నిగనిగలాడే మంచికాయలకి కుడివైపు బుట్ట. వరసకి నాయనమ్మే పెద్ద. ఆదివారం నేనూ కూర్చుంటానని మారాం చేస్తే, "ఆ చెయ్యి కట్టుకుని కూర్చుంటే రా" అంది. మిరపకాయలు కూడా లక్ష్మేనట.

కుడిచెయ్యి ఒక్కటే పనిచేయాలంటే నాకు తల తిరిగేది. మంచికాయ పట్టుకుని ఎటు వెయ్యాలా అని ఒక్క క్షణం ఆగేదాన్ని. ఎడమచెయ్యి తీస్తే ఏ ఆలోచనా లేకుండా పోయే పని, కుడిచేత్తో ప్రతి కాయకీ లెక్క చేసినట్టు ఉండేది. పక్కన అమ్మలక్కల కబుర్లు జోరుగా సాగుతున్నాయి. ఎవరి కోడలో ఎవరి అత్తని ఏమందో వినే ధ్యాసలో, నేను ఏ కాయ ఎటు వేస్తున్నానో మర్చిపోయాను. పొద్దు వాలేసరికి నా మంచికాయల బుట్ట నిండా తాలు. పైగా నాన్న ఆ బుట్టని చూసుకోకుండా తీసుకెళ్ళి ఏరిన రాశిలో గుమ్మరించేశాడు. మార్కెట్ యార్డుకి పోవాల్సిన రాశి మొత్తం మళ్ళీ ఏరాల్సి వచ్చింది. నవ్వని మనిషి లేదు, నాయనమ్మ తప్ప.

ఏడుపొచ్చి కళ్ళు నలుపుకున్నాను. మిరప చెయ్యి. ఇక నా కేకలు మార్టూరు నుంచి రాళ్ళు మోసుకుపోయే లారీల వాళ్ళకి కూడా వినబడి ఉంటాయి. నాయనమ్మ పరిగెత్తుకొచ్చి, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, కొంగు ఉండచుట్టి నోటితో వేడిగా ఊది ఊది కళ్ళకి అద్దింది. "ఊరుకో నా తల్లి, ఊరుకో" అంటూనే ఉంది. ఆ పూట ఆవిడ చెమటలో మిరపఘాటు, తమలపాకు, ఎండ. అంత మంటలోనూ ఆ ఒళ్ళో నాకు హాయిగా ఉంది. కానీ లేచాక పేలిక మాత్రం మళ్ళీ కట్టింది.

ఆ ఏడాదే వానలు వెనకబట్టి, పత్తి పూతకొచ్చిన వేళకి ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ రోటి దగ్గర గోంగూర నూరుతోంది. నేను బడికి జడ వేయించుకుంటున్నాను. రోట్లో చప్పుడు ఆగింది. చూస్తే పచ్చడిబండ చేతిలోంచి జారి దొర్లుకుంటూ తులసికోట దాకా పోయింది. ఆవిడ దాన్ని చూస్తోంది కానీ చెయ్యి చాచడం లేదు. మూతి ఒక పక్కకి లాగేసింది. అమ్మ దువ్వెన అలాగే నా తలలో వదిలేసి పరిగెత్తింది.

నాన్న ఆటో మాట్లాడి గుంటూరు తీసుకెళ్ళాడు. మేము రోజూ సాయంత్రం రోడ్డు మీది ఎస్టీడీ బూతుకి నడిచి వెళ్ళి కబురు తెలుసుకునేవాళ్ళం. రెండు వారాలకి ఇంటికి పంపుతారనగా తాతయ్యతో పాటు నేనూ వెళ్ళాను. డాక్టరుగారు చిన్నవాడు, ఓపిక గల మనిషి. తాతయ్య అర్థం కాలేదంటే బల్ల మీద ఉన్న వేరుశనగ కాయ ఒలిచి, పలుకుని రెండు బద్దలు చేసి చూపించాడు.

"మెదడు ఇట్లా రెండు బద్దలండీ పెద్దాయనా. ఎడమ బద్ద కుడిచేతినీ కుడికాలినీ నడిపిస్తుంది, కుడి బద్ద ఎడమవైపుని. మీ ఆవిడకి దెబ్బ తగిలింది ఎడమ బద్దకి. అందుకే కుడివైపు పడిపోయింది. మాట కూడా ఎక్కువమందికి ఆ బద్దలోనే ఉంటుంది. అందుకే మాట పోయింది."

తాతయ్య కాసేపు ఆ పలుకుని చూశాడు. "అంటే పగ్గాలు అడ్డంగా మార్చి కట్టారన్నమాట" అన్నాడు. డాక్టరుగారు నవ్వి అవునన్నాడు. తాతయ్య నన్ను ముందుకి నెట్టి, "మరి ఈ పిల్ల పుర్రచేతిదండీ. దీని మాట ఎటువైపు ఉంటది?" అని అడిగాడు.

"ఇట్లాంటివాళ్ళలో కూడా చాలామందికి ఎడమ బద్దలోనేనండీ. కొందరికి కుడివైపు ఉంటుంది, కొందరికి రెండువైపులా. చెయ్యి చూసి మాత్రం చెప్పలేం. అదేమీ రోగం కాదు, వాటం అంతే" అన్నాడాయన. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "పూర్తిగా మూగబోయిందని అనుకోవద్దు. జీవితమంతా వాడి వాడి నలిగిన మాటలు ఒకటో రెండో మిగులుతాయి. తిట్టో, దేవుడి పేరో, పాటో. ఈవిడకి కూడా ఒకటి మిగిలింది. నాకు దాని అర్థమే తెలియడం లేదు" అన్నాడు.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. నాయనమ్మ నన్ను చూసి, ఒక పక్కే నవ్వి, స్పష్టంగా అంది.

"ఆ చెయ్యి కాదే."

నేను రెండు చేతులూ గబుక్కున వెనక్కి పెట్టుకున్నాను. తాతయ్య నవ్వాడు, తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, ఇక ఆవిడకి ఉన్నది ఆ ఒక్క మాటేనని. మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే. గొంతు ఎత్తడంలో, దించడంలో తేడా తప్ప మాట మారదు. చూడటానికి వచ్చిన ఊరి పెద్దమనిషి మంచం పక్కన కూర్చుని "ఎట్టా ఉందమ్మా వదినా?" అంటే "ఆ చెయ్యి కాదే" అంది. ఆయన చుట్ట ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకున్నాడు. పాలు పోసే ఆయన మూడు రోజుల పాటు చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, నాలుగో రోజు మా అమ్మని పక్కకి పిలిచి, "నాకు ఉన్నయ్యే రెండు చేతులు గదమ్మా, ఇంకే చేత్తో పొయ్యను?" అన్నాడు. నాయనమ్మకి అది వినబడి మంచం ఊగేలా నవ్వింది. కష్టం వచ్చిన ఇల్లే కానీ, మేము ఆ నెలలో నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు.

వారం తిరిగేసరికి నాకు ఆ మాటలన్నీ విడివిడిగా తెలిసిపోయాయి. మెల్లగా అంటే నీళ్ళు. గబగబా అంటే మరుగుకి తీసుకెళ్ళమని. తాతయ్య మీద అంటే చుట్ట తగ్గించమని. నన్ను దగ్గరికి పిలిచేటప్పుడు దాన్ని చాలా మెత్తగా అనేది, నేను బడి సంచి పడేసి పోయి పక్కన పడుకునేదాన్ని.

నవ్వులాటలో తేలని సంగతి ఒకటుంది. ఆవిడ అన్నం తినడం లేదు.

కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో తిననని మొండికేసింది. అమ్మ కలిపి పెట్టబోతే మొహం గోడవైపు తిప్పేసుకునేది. కోడలి చేత ముద్దలు పెట్టించుకునే రోజు రాకుండా పోవాలని దేవుడిని రోజూ అడుక్కున్న మనిషి ఆవిడ. గ్లాసుతో గంజి పోస్తే రెండు గుక్కలు, అంతే. అన్నం పెట్టగానే కంచం వైపు చూసేది, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కంచంలో పెట్టేది, అది బట్టలా పడి ఉండేది. కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. నెలకే మెడ కింద ఎముకలు తేలాయి. చూపించడానికి తీసుకెళితే డాక్టరుగారు మెత్తగానే అన్నాడు. "తిండి లేకపోతే మందులేం చేస్తాయండీ. ఎడమచెయ్యి బంగారంలా ఉంది. దాంతో తినమనండి. లేకపోతే ఆవిడ మనకి దక్కదు."

ఆ చివరి మాట నేను విన్నాను. ఇంటికొచ్చి కొట్టంలో దాపటి ఎద్దు పక్కన కూర్చుని ఏడ్చాను. ఆవిడ చచ్చిపోయేది నా చెయ్యి వల్లేనని నాకు గట్టిగా అనిపించింది. నేను ఎడమచేతిదాన్ని కాకపోతే ఆవిడకి ఆ చెయ్యి మీద అంత పగ ఉండేది కాదు కదా.

రెండు రోజులకి పత్తి మొదటి తీత మొదలైంది. ఏటా మొదటి కాయ నాయనమ్మే తీసేది. తీసి, ఆ దూది కళ్ళకద్దుకుని, లక్ష్మీ అని దణ్ణం పెట్టుకుని ఒళ్ళో వేసుకునేది. ఆ ఏడు ఎవరికీ ఆ ధ్యాస లేదు. నేను చేలోకి పోయి, బాగా విచ్చుకున్న కాయలున్న ఒక కొమ్మ విరుచుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

అప్పుడు చూశాను. నాయనమ్మ ఏమీ అనుకోలేదు, ఆలోచించలేదు. ఎడమచెయ్యి దానంతటదే లేచింది. నాలుగు వేళ్ళు గుల్లలోకి దిగాయి, దూది మొత్తం ఒక్క లాగుడుకి ఊడొచ్చింది, ఆకు నలుసు కూడా అంటకుండా. ఎప్పుడూ అంతే కదా అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పత్తి తీసేటప్పుడు ఆవిడకి రెండు చేతులూ ఆడేవి, ఈ చెట్టుకి ఇది, ఆ చెట్టుకి అది. ఊళ్ళో ఆవిడంత వేగంగా పత్తి తీసే మనిషి లేదు. నలభై ఏళ్ళుగా ఎడమచెయ్యి ఆ పని చేస్తుంటే ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని కోప్పడలేదు.

ఆ దూదిని ఎడమచేత్తోనే కళ్ళకి అద్దుకుంది.

"నాయనమ్మా, పత్తి లక్ష్మే కదా?" అన్నాను.

తల ఊపింది.

"మరి ఏ చేత్తో తీశావు?"

ఆవిడ తన చేతివైపు చూసుకుంది. వేళ్ళు ముడిచి, విప్పి చూసుకుంది. నేను ఇక ఆగలేదు. ట్రంకు పెట్టె మీద ఉన్న ఆ ఎర్రంచు పేలిక తెచ్చి అమ్మకిచ్చి, "నా కుడిచెయ్యి కట్టు" అన్నాను. అమ్మకి ఏమీ అర్థం కాలేదు, అయినా కట్టింది.

రెండు కంచాలు పెట్టించాను. ఎదురుగా కూర్చోలేదు, పక్కన కూర్చున్నాను. ఎదురుగా కూర్చుంటే చేతులు తారుమారవుతాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు. కూర కంచంలో ఎడమ పక్కకి జరిపాను. డాక్టరుగారు ఉప్పూకారం తగ్గించమన్నాడు. మా వైపు ఆ మాట అనాలంటే గుండె ధైర్యం ఉండాలి. నేను మాత్రం అమ్మ అటు తిరగ్గానే పండుమిరప పచ్చడి గోరంత తీసి ఆవిడ అన్నంలో పెట్టాను.

ఆ వాసనకి నాయనమ్మ ముక్కు కదిలింది.

"ఇట్టా కలుపు" అన్నాను, ఆవిడ గొంతుతోనే. "నాలుగేళ్ళతో ఇట్టా తియ్యి. బొటనేలితో ఇట్టా నెట్టు. ఏందే, చూస్తన్నావా?"

తాతయ్య వాకిట్లో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాయనమ్మ నా నడుముకి కట్టిన పేలికని చూసింది, నా ఎడమచేతిని చూసింది. తన ఎడమచేతిని కంచంలో పెట్టింది. పత్తి తీసిన వేళ్ళే, అన్నం దగ్గర మాత్రం చంటిపిల్ల వేళ్ళయిపోయాయి. మొదటి ముద్ద చీర మీద పడింది. రెండోది గడ్డానికి అంటింది. మూడో ముద్ద నోటి దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ నావైపు తిరిగింది. ఎన్నడూ లేనిది, ఆ మాటని అడుగుతున్నట్టుగా అంది.

"ఆ చెయ్యి... కాదే?"

"ఆ చెయ్యే నాయనమ్మా" అన్నాను.

తినేసింది. పచ్చడి ఘాటుకో, మరి దేనికో, కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. ఆగలేదు, కంచం ఖాళీ అయ్యేదాకా తింది. అమ్మ గుమ్మానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. తాతయ్య లోపలికొచ్చి నా చేతి కట్టు విప్పి, ఆ పేలిక పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాడు. మర్నాడు చూస్తే అది దాపటి ఎద్దు మెడలో గంటకి కట్టి ఉంది.

"దానికి దిష్టి తగలకుండా" అన్నాడు.

ఆ చలికాలమంతా మేమిద్దరం బడి పెట్టుకున్నాం. నేను పంతులమ్మని. ఎడమచేత్తో చెంబు పట్టడం, బొట్టు పెట్టుకోవడం, ముగ్గు వేయడం. ఆవిడ ముగ్గు పాములా మెలికలు తిరిగి పక్కింటివాళ్ళ వాకిట్లోకి పోయేది. పసుపు డబ్బా పక్కింటావిడ ఒకసారి మళ్ళీ వచ్చింది. నాయనమ్మ ఎడమచేత్తో పసుపు తీసి ఆవిడ ముందు చాచింది. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి రెండు చేతులూ పట్టి తీసుకుంది. నేను స్తంభం వెనక నిలబడి చూస్తున్నాను. నాకు గంతులు వేయాలనిపించింది, వేశాను కూడా.

మళ్ళీ కల్లం రోజులొచ్చాయి. ఊరంతా తుమ్ములు. నాయనమ్మ కర్రపోటుతో పొలానికి వచ్చి, వరస మొదట్లో ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను దూరంగా నిలబడ్డాను, కిందటేడు చేసిన ఘనకార్యం గుర్తుండి. మెత్తగా "ఆ చెయ్యి కాదే" అంది. పోయి పక్కన కూర్చున్నాను. నా ముందు మామూలుగానే పెట్టి ఉన్నాయి, తాలు బుట్ట ఎడమవైపు, మంచికాయల బుట్ట కుడివైపు. నాయనమ్మ వంగి, తన ఒక్క చేత్తోనే కిందామీదా పడి ఆ రెండు బుట్టలనీ మార్చింది. మంచికాయల బుట్ట నా ఎడమవైపుకి వచ్చింది.

కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని నేను ఎడమచేత్తో మొదలుపెట్టాను. ఎర్రగా ఉన్నది ఎటు పోవాలో, తెల్లబోయింది ఎటు పోవాలో చేతికే తెలిసిపోతోంది. పొద్దు వాలేసరికి నా బుట్టలో ఒక్క తాలు లేదు. నాన్న గుమ్మరించబోతే నాయనమ్మ కర్ర అడ్డం పెట్టి, బుట్ట మొత్తం వెతికి చూసి, అప్పుడు వదిలింది. ప్రేమ ప్రేమే, సరుకు సరుకే.

తర్వాత ఆవిడ ఏడేళ్ళు బతికింది. మాటలు కొన్ని తిరిగొచ్చాయి, నీళ్ళు, రా, పో, మా తాతయ్య మీద రెండు తిట్లు. నేను ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరే రోజున రోడ్డు దాకా బండి మీద వచ్చింది. బస్సు వచ్చింది, సంచులు పైకి వేశారు. నేను కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆవిడ ఎడమచెయ్యి నా తల మీద పెట్టింది. ఎడమచేత్తో దీవించిన మనిషిని మా వైపు అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. 'పోయి రా' అనడానికి ఆవిడకి అప్పటికి మాటలు వచ్చు. అయినా అది అనలేదు.

"ఆ చెయ్యి కాదే" అంది, చాలా మెత్తగా. కిటికీ పక్కన కూర్చుని నేను అద్దంకి దాకా ఏడ్చాను. ఇప్పటిదాకా నన్ను దీవించినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తగిలింది మాత్రం ఆ దీవెన ఒక్కటే.

ఇదంతా విని మా అమ్మాయి చేతికంటిన అన్నం ఎండిపోయేదాకా కూర్చుంది. "ఇంతకీ ఆ మాటకి అర్థం ఏంటమ్మా?" అంది.

"నువ్వు ఎట్లా అంటే అట్లా" అన్నాను.

మర్నాడు పొద్దున బడి వ్యాను వచ్చింది. అది సంచి తగిలించుకుని పరిగెత్తి, ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి ఊపింది.

"ఆ చెయ్యి కాదే" అని వీధంతా వినబడేలా అరిచింది.

వ్యాను డ్రైవరు స్టీరింగు మీద ఉన్న తన చేతులు రెండూ ఒకసారి చూసుకున్నాడు.